మా కుంటలో రాతిబురద

బేతంచెర్ల దాటాక ఆటో దిగి పొలాల గట్ల మీద నడిచేసరికి మోకాళ్లు పట్టేశాయి. రిటైరయ్యాక ఏ పనికైనా ముందు మోకాళ్లే అడ్డం పడుతున్నాయి. మా తాత తవ్వించిన కుంటను ఒకసారి చూడాలని వచ్చాను. కట్ట ఎక్కగానే, రాకపోయుంటే బాగుండేదనిపించింది.

కుంట నిండా తెల్లటి బురద, ఎండి నెర్రెలిచ్చి ఉంది. నాపరాళ్లు పాలిష్ పట్టేటప్పుడు వచ్చే రాతిపొడి అది. ఎండు సొరకాయలు నడుముకు కట్టుకొని మేం ఈత నేర్చుకున్న చోట ఒక కుక్క పడుకొని ఉంది.

చిన్నప్పుడు ఎండాకాలంలో కుంట ఎండగానే ఇంటిల్లిపాదీ అడుగు మట్టి తవ్వి బండ్లతో చేలకు తోలేవాళ్లం. నడుములు విరిగేవి. ఈ ఏడాదికి మానేద్దామని నేను గొణిగితే, "అడుగు తవ్వకపోతే కింద బాయికి ఊట యాడనుంచి వస్తాదిరా?" అనేవాడు తాత. ముసలాయన చాదస్తమనుకున్నాను.

తర్వాత నేను రోడ్ల ఇంజనీరునై కర్నూలులో ఉండగా చిన్నాయన ఫోన్ చేశాడు. ఆయనకున్నదల్లా కుంట కింద బావి, దాని కింద రెండెకరాలు.

"లారీలోళ్లు రాతిబురద మన కుంటలో పోస్తామంటాండారు. ఏం జేయమంటావురా?"

"పొయ్యనీ చిన్నాయనా. అడుగు గట్టిపడితే నీళ్లు ఇంకిపోవు" అన్నాను, ఫైల్లోంచి తల ఎత్తకుండానే. ఇంట్లో చదువుకున్నవాడిని నేనొక్కడినే కాబట్టి ఆయన మళ్లీ అడగలేదు.

నేను చెప్పినట్టే నీళ్లు ఇంకలేదు. వాన పడినప్పుడల్లా పైన నిలిచి ఎండకు ఆరిపోయాయి. బావిలోకి చుక్క దిగలేదు. రెండెకరాలూ బీడు పడ్డాయి. ఈ వయసులో చిన్నాయన రాళ్ల ఫ్యాక్టరీలో కూలికి పోతున్నాడు.

నేను కట్ట దిగి వెళ్లేసరికి ఆయన బావి ఒడ్డున కూర్చొని ఉన్నాడు. తిడతాడేమోనని భయపడ్డాను. తిట్టినా బాగుండేది. పక్కన కూర్చోమని చోటు చూపించాడు.

"ఆ బురదంతా ఎత్తిపోస్తే మళ్లా ఊట వస్తాదంటావా? నువ్వు చదువుకున్నోనివి, చెప్పు."

సిగ్గుపడుతూనే, "నాకు తెలీదు చిన్నాయనా" అన్నాను.

ఆయన బావిలోకి తొంగి చూశాడు.

"ఆ పొద్దు ఫోన్లో గూడా ఈ మాటే అనింటే సరిపోతాండె గదరా" అన్నాడు.