ఒక గుట్ట, రెండు ఏర్లు, మేం ముగ్గురం

పోయిన వారం మా వీధి చివరి బడివాళ్లు వచ్చి, పిల్లలు వైజ్ఞానిక ప్రదర్శన పెట్టుకున్నారు, మీరు వచ్చి బహుమతులు ఎంచాలి అని అడిగితే, పదవీ విరమణ చేసి ఇన్నేళ్లయినా ఇంకా నన్ను టీచరమ్మగానే గుర్తుపెట్టుకున్నందుకు లోలోపల మురిసిపోతూ, ఇస్త్రీ చీర కట్టుకుని మరీ వెళ్లాను. అక్కడ ఒక బల్ల దగ్గర నలుగురు పిల్లలు మీట నేను నొక్కుతానంటే నేను నొక్కుతానని గుసగుసగా కొట్లాడుకుంటున్నారు. నన్ను చూడగానే నలుగురూ ఒక్కసారిగా బుద్ధిమంతుల మొహాలు పెట్టేశారు. గంభీరంగా మార్కులు వేయాల్సిన దాన్ని, నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాను. ఇదే వికారాబాద్‌లో, బల్లకు అవతలి వైపున నేను నిలబడిన రోజు గుర్తొచ్చింది మరి.

అప్పుడు మేం తాండూరులో ఉండేవాళ్లం. మా నాయన రైల్వే గూడ్స్ ఆఫీసులో గుమాస్తా. నేను ఆడపిల్లల బడిలో తొమ్మిదో తరగతి. క్లాసులో మొదటి ర్యాంకు నాదే, చేతిరాత కూడా నాదే బాగుంటుందని నల్లబల్ల మీద సుభాషితం రాసే పని నాకే ఇచ్చేవారు. ఇంత వినయంగా ఇప్పుడు చెబుతున్నాను గానీ ఆ రోజుల్లో నా నడకే వేరుగా ఉండేదట, మా అమ్మ పోయేదాకా దాన్ని అనుకరించి చూపించి ఇంటిల్లిపాదినీ నవ్వించేది.

ఆ ఏడు వికారాబాద్‌లో చుట్టుపక్కల బడులన్నిటికీ కలిపి ప్రదర్శన పెడుతున్నారని కబురొస్తే, మా సోషల్ సారు ముగ్గురేసి చొప్పున జట్లు కట్టారు. ఆయన జట్లు కట్టే పద్ధతి ఎవరికీ అంతుపట్టేది కాదు. నాతో పాటు కూర్చునే మిత్రురాళ్లను తలా ఒక దిక్కుకు పంపేసి, నా పక్కన ఇద్దరిని పడేశారు. ఒకామె బజారులో బట్టలు కుట్టే దర్జీ గారి కూతురు. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బయట తెలుగు, రెండూ కలిపి గలగలా మాట్లాడేది గానీ తెలుగు వాచకం చదవమంటే మాత్రం ఒత్తులన్నీ మింగేసేది. ఇంకొకామె గొర్లకాపరి మనుమరాలు, బడి కోసం తాండూరులో మేనత్త ఇంట్లో ఉండేది. వానాకాలంలో మా నల్లరేగడి బురదకు గొర్రెల డెక్కలు చెడిపోతాయని వాళ్ల తాత మందను అనంతగిరి గుట్టల దిక్కు తోలుకుపోయేవాడు, ఈ పిల్ల కూడా ఆయన వెంట వెళ్లిపోయేది. అందుకని జూలై ఆగస్టుల్లో హాజరు పట్టీలో ఆ పిల్ల పేరు ఎదురుగా అన్నీ సున్నాలే.

నేను స్టాఫ్ రూముకు వెళ్లి, సార్, నేనొక్కదాన్నే చేసుకుంటాను అని చెప్పాను. ఆయన చాక్‌పీసు పొడి దులుపుకుంటూ, "చేసుకో బిడ్డా. కాని మార్కులు మాత్రం ఒక్కరియే ఏస్త, ముగ్గురు పంచుకోండ్రి" అన్నారు. అందులో లెక్క ఏమిటో అర్థం కాకపోయినా, మూడో వంతు మార్కులు ఊహించుకుని కళ్లనీళ్ల పర్యంతం అయ్యాను.

మేం ఎంచుకున్న విషయం మాత్రం మంచిది, అది నా ఆలోచనే, అంత వరకు నాకు దక్కనివ్వండి. అనంతగిరి గుట్టల దగ్గరే మూసీ పుట్టి తూర్పున పట్నం వైపు పోతుంది, ఆ చుట్టుపక్కలే కాగ్నా పుట్టి పడమరగా మా తాండూరు పక్క నుంచి కర్ణాటకలోకి పోతుంది. ఒక గుట్ట కట్టి, పైన నీళ్లు పోస్తే రెండు ఏర్లు రెండు దిక్కులా పారేటట్టు చూపించాలని నా పథకం. నాయన గూడ్స్ షెడ్డు నుంచి పెట్టె మూత ఒకటి అడిగి తెచ్చిచ్చాడు. దాని మీద గుట్టను మా పెరటి నల్లమట్టితో కడదామన్నాను.

"నల్లమట్టి వద్దే. ఎండితె నెర్రెలు వడ్తది" అంది గొర్లకాపరి మనుమరాలు. "ఎర్రమట్టి తెచ్చి జర గొర్ల ఉన్ని కలిపి తొక్కుదాం. మా ఇంట్ల వడ్లు పోసే గుమ్మికి గట్లనే మెత్తుతరు."

గొర్రె బొచ్చు అనగానే నేను ముక్కు మూసుకున్నాను. నిజంగానే మూసుకున్నాను, ఆ పిల్ల ఎదురుగానే. ఆ తరువాత వాళ్లిద్దరికీ చెప్పకుండా ఆదివారం ఇంట్లో కూర్చుని గుట్ట మొత్తం నేనొక్కదాన్నే కట్టేశాను. ఏర్లకు నీలం రంగు వేశాను, ఊళ్ల పేర్లు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి గుచ్చాను. అమ్మ వచ్చి చూసి, మిగతా ఇద్దరు పిల్లలేరే అని అడిగితే, వాళ్లకు రాదమ్మా అన్నాను.

బుధవారం పొద్దున లేచి చూస్తే అనంతగిరి మూడు చెక్కలైంది. మూసీలో నా వేలు పట్టేంత పగులు. కాగ్నా అసలు కనిపించనే లేదు, దాని ముక్క పెరట్లో కోడి కాళ్ల కింద ఉంది. ప్రదర్శన శనివారం.

ఆ రోజు బడికి నడిచిన దూరం నాకు తాండూరు నుంచి కొడంగల్ పోయినంత అనిపించింది. మధ్యాహ్నం గంట కొట్టాక వాళ్లిద్దరినీ పక్కకు పిలిచి, ఆదివారం నుంచి జరిగిందంతా చెప్పేసి ఏడ్చాను. తిడతారనుకున్నాను. తిట్టదగ్గ పనే చేశాను కదా. దర్జీ గారి కూతురు మాత్రం గుండె మీద చెయ్యేసుకుని, "అరె, గింతేనా! నువ్వు ఏడుస్తుంటె ఎవరో సచ్చిపోయిన్రనుకుని పరేషానైన" అని పకపకా నవ్వేసింది. గొర్లకాపరి మనుమరాలు నా మొహంలోకి చూసి, "మట్టికేమే, మల్ల దొరుకుతది. నీ అక్షరాలు మంచిగుంటయి, పేర్లు నువ్వే రాయి. తొక్కేటిది మేం తొక్కుతం" అంది.

నేనూ తొక్కుతానని పట్టుబట్టాను. ఆ సాయంత్రం ఆ పిల్ల మేనత్త వాకిట్లో, పరికిణీలు మోకాళ్ల పైకి దోపుకుని ముగ్గురం ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని ఎర్రమట్టిలో ఉన్ని కలిపి తొక్కుతుంటే, ఆ మేనత్త అరుగు మీద కూర్చుని, ఇంకా ఇంకా అని హుషారు చేస్తూ మాకు ఉడకబెట్టిన పల్లీలు అందించింది. మట్టి తొందరగా ఎండాలంటే పలచగా ఉండాలని, లోపల నాపరాయి ముక్కలు పేర్చాం. బండలు కోసే మా ఊళ్లో వాటికి కొదవా? నీళ్లు ఇంకిపోకుండా ఎలాగని మాత్రం ముగ్గురం తలలు పట్టుకున్నాం. నీళ్లు పోసినప్పుడల్లా ఏరు కాస్తా గుట్టలోకి ఇంకిపోయేది. అప్పుడు దర్జీ గారి కూతురు ఇంటికి పరుగెత్తి, వాళ్ల నాన్న దారానికి రుద్దుకునే మైనం ముద్ద పట్టుకొచ్చింది. పాత లైనింగు గుడ్డను సన్నని పేలికలుగా కత్తిరించి, కరిగించిన మైనంలో ముంచి, ఏరు పారే దారి పొడుగునా పరిచింది. నీళ్లు పోస్తే ముత్యాల్లా దొర్లుకుంటూ పోయాయి. మేం వేసిన కేకకు పక్కింటివాళ్లు గోడ మీద నుంచి తొంగి చూశారు.

ఏరు ఎక్కడ మలుపు తిరుగుతుందో నేను అట్లాసు చూసి చెబితే, ఆ గొర్లకాపరి మనుమరాలు కళ్లు మూసుకుని, చేత్తో గాలిలో దారి గీసుకుని చెప్పేది. రెండు మూడు చోట్ల మా ఇద్దరికీ పేచీ వచ్చింది. ఆ పిల్ల నడిచిన దారి, నేను చూసిన గీత. ఈసారి ఆ పిల్ల మాటే ఉంచాం.

శనివారం పొద్దున ప్యాసింజరు బండిలో సారుతో కలిసి వికారాబాద్ బయలుదేరాం. నాపరాళ్లతో ఆ గుట్ట ఎంత బరువుందంటే ముగ్గురం ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే తొడలు తిమ్మిరెక్కాయి. కదిలితే పగులుతుందని గంట సేపు ఊపిరి బిగబట్టాం. ఎదురుగా కర్ణాటకలోని సేడం వైపు నుంచి వస్తున్న ఒక ముసలమ్మ వంగి చూసి, నీలం గీత మీద వేలు పెట్టి, కన్నడంలో "ఇదు నమ్మ కాగిణానా?" అని అడిగింది. మా ఏరు సరిహద్దు దాటగానే కాగిణా అవుతుందని, అవతల ఇంకొకరు కూడా దాన్ని మాదీ అంటారని నాకు అప్పుడే తెలిసింది. ఆ పేరు కూడా రాయాల్సిందేనని వాళ్లిద్దరూ అంటే, కదులుతున్న బండిలో ఒక అట్టముక్క మీద రాసి గుచ్చాను. నా జీవితంలో అంత వంకర అక్షరాలు ఇంకెప్పుడూ రాయలేదు. ఆ అట్టముక్కే అందరికీ నచ్చింది.

ప్రదర్శనలో నేను మాట్లాడాలి, ఒకరు నీళ్లు పోయాలి, ఇంకొకరు అడ్డుపడ్డ నలుసులు తీయాలి, అదీ మా ఒప్పందం. మార్కులు వేయడానికి వచ్చిన పెద్దాయన నా ఉపన్యాసం మొత్తం ఓపిగ్గా విని, అమ్మా, వాన గుట్ట మీద అంతటా పడుతుంది కదా, ఏ చుక్క ఎటు పోవాలో ఎక్కడ తేలుతుంది అని అడిగారు. నా కాగితంలో అది లేదు. ఏదో ఒకటి కల్పించి చెప్పగలను, నోరు తెరిచాను కూడా. కాని పక్కన చెంబు పట్టుకుని నిలబడ్డ గొర్లకాపరి మనుమరాలి కళ్లలో జవాబు కనబడుతోంది. నేను ఒక అడుగు వెనక్కి వేసి ఆ పిల్లను మోచేత్తో ముందుకు నెట్టాను.

"గుట్ట నెత్తి మీద తేల్తది సారూ" అంది మొదట మెల్లగా. తరువాత గొంతు పెరిగింది. "వాన వడ్తుంటె మా తాత, నేను గాడనే గొంగడి కప్పుకుని నిలవడ్తుంటిమి. గిటు వడ్డ నీళ్లు తాండూరు దిక్కొస్తయి, గటు వడ్డయి పట్నం దిక్కు పోతయి. నట్టనడుమ నిలవడితె ఒక కాలు కింది నుంచి గిటు, ఒక కాలు కింది నుంచి గటు పోతయి. గొర్రెకైతె నాలుగు కాళ్లు గద, దానికి మస్తు పరేషాన్!"

పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకునేంతగా నవ్వారు. ఆ పిల్ల చెంబెత్తి సరిగ్గా నెత్తి మీద పోసింది. నీళ్లు ఒక్క క్షణం ఆగి, రెండుగా చీలి, రెండు దిక్కులా పారాయి. దర్జీ గారి కూతురు సూదితో తీయాల్సిన నలుసు ఒక్కటీ లేకపోవడంతో ఆ సూదితో ఏం చేయాలో తెలియక తన జడలోనే గుచ్చుకుంది.

మాకు రెండో బహుమతి వచ్చింది. మూడు గిన్నెల టిఫిన్ క్యారియర్. తిరుగు బండిలో తలా ఒక గిన్నె పంచుకున్నాం, మూతా పట్టీ సారుకు ఇచ్చేశాం. ఆయన వాటితో ఏం చేసుకుంటారని ఎవరికీ తట్టలేదు, పాపం ఆయన కూడా కాదనలేదు.

పదో తరగతి తరువాత గొర్లకాపరి మనుమరాలికి దోమ అనే ఊరి దగ్గర పల్లెకు సంబంధం కుదిరింది. దర్జీ గారి కూతురు తాండూరులోనే ఉండిపోయి, ఎందరో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పింది. ఇప్పటికీ ఫోను చేస్తే ఒత్తులు మింగుతూనే నన్ను ఆటపట్టిస్తుంది. నేను టీచరునై, మా సారు లాగే మొదటి బెంచీని చివరి బెంచీని కలిపి జట్లు కట్టేదాన్ని. మా పిల్లను ఆ పిల్లతో ఎందుకు వేశారని తల్లిదండ్రులు వచ్చి నిలదీస్తే ఏళ్ల తరబడి నవ్వుతూ సర్దిచెప్పాను. ఒప్పుకోవాలి, చివరి నాలుగైదేళ్లలో ఆ ఓపిక నాకూ తగ్గింది, ఎవరికి నచ్చినవాళ్లతో వాళ్లను కూర్చోనిచ్చాను.

ఈ కాలం పిల్లలు తెలివిలేనివాళ్లని నేను అనను. మేం మూడు రోజులు కిందామీదా పడ్డది వాళ్లు ఫోనులో మూడు నిమిషాల్లో తెలుసుకుంటారు, మాకంటే చక్కగా చెబుతారు కూడా. కాని మన రోజుల్లో నాకు తెలియనిది పక్క పిల్లకు తెలిసుండేది, అది కావాలంటే ముందు ఆ పిల్లతో మాట కలపాలి, వాళ్ల వాకిట్లో అడుగుపెట్టాలి, వాళ్లు పెట్టింది తినాలి. ఇప్పుడు దేన్ని తెలుసుకోవడానికైనా ఎవరి గడపా తొక్కనక్కర్లేదు. దోమ పోయే బస్సు మా వీధి మొదట్లోనే ఆగుతుంది. ఆ గొర్లకాపరి మనుమరాలిని చూసి ఎన్నేళ్లయిందో లెక్కపెట్టుకుంటూ, ఈ ఆదివారం ఎక్కుదామా అని ప్రతి ఆదివారం అనుకుంటాను.