అగ్గిపెట్టె లోపలి పట్టీ

మా పాప చేతిలో అగ్గిపెట్టె చూసి గభాలున లాక్కున్నాను. నందిగామలో మా పిన్ని వేళ్లు గుర్తొచ్చాయి.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు ముసురుకు అగ్గిపెట్టె మీది గీసే పట్టీ చెమ్మగిల్లి పుల్లలు వెలిగేవి కావు. లోపలుంటే తడవదని, ఎనిమిదేళ్ల నేను పట్టీని ఒలిచి, ఆరబెట్టి, పెట్టె పైతొడుగు లోపలివైపు మెతుకులతో అంటించాను. కొత్తగా కాపురానికొచ్చిన పిన్ని పెట్టె లాగగానే పుల్లల తలలన్నీ పట్టీకి రాసుకుని భగ్గుమన్నాయి.

"జగ్గయ్యపేటలో అగ్గిపెట్టె తియ్యడం నేర్పలేదటే మీ అమ్మ?" అంది నాయనమ్మ.

పిన్ని మెతుకులంటిన నా వేళ్లకేసి చూసి, "పొరపాటైందండి అత్తయ్యా" అంది.

బొబ్బల చేత్తో కారం కలుపుకోలేక వారం రోజులు మజ్జిగన్నమే తింది. పక్కనే కూర్చుని నేను ఆవకాయ తిన్నాను. పని రాదన్న పేరు పిన్నికి ఏళ్ల తరబడి పోలేదు. నిజం చెబితే నాకు రెండు దెబ్బలు పడేవి, అంతే.