ఊట దగ్గర రత్నం

రెండు బకెట్లు, ఒక చేంతాడు, అర బస్తా బ్లీచింగు పౌడరు, నా కుడికాలి చెప్పు. ఆ ఉదయం లోయలోకి పోయినవి ఇవి.

డెబ్బైల్లో నేను సీలేరు జలవిద్యుత్ ప్రాజెక్టులో స్టోర్సు చూసేవాణ్ణి. ప్రాజెక్టు కాలనీ చిన్న పట్నమంత పెరిగింది. కూలీల లైన్లలో వాంతులు, విరేచనాలు మొదలైతే కాలనీ పిల్లలతో ఒక సంఘం పెట్టించాను. దానికి నాయకురాలు పదిహేడేళ్ల రత్నం. ఒక ఉదయం నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, కూలీలు తాగే కొండ ఊటలో వాళ్లు బ్లీచింగు కలిపారు.

ఆ ఘాటు వాసనకు కూలీలు కర్రలతో మమ్మల్ని చుట్టుముట్టారు. సామానంతా లోయలోకి విసిరేశారు.

"ఏటే గుంటా, మమ్మల్ని సంపేత్తావేటి?" అంది ఒక ముసలమ్మ.

"సదువుకున్న గుంట గదా, ముందు తననే తాగమను!" అన్నాడు వెనక ఎవరో.

రత్నం దోసిలి పట్టి తాగింది. అందరం ఆమె ముఖమే చూస్తూ నిలబడ్డాం. చాలాసేపటికి ముసలమ్మ కర్రలు దించమంది.

"ఊటలో సెయ్యెట్టే ముందు అమ్మోరికి కోడినియ్యాల. మాకో మాట సెప్పాల."

"తెత్తాను మామ్మా," అంది రత్నం.

జబ్బు తగ్గింది. ఈలోగా రత్నం తండ్రికి బదిలీ అయింది, పిల్లలు చెదిరిపోయారు. మళ్లీ ఇంకొకరిని తయారుచేసే ఓపిక నాకు లేకపోయింది. అమ్మోరికి మా సంఘం బాకీ నేటికీ ఒక కోడి.