తొంభై ఏడు దగ్గర ఆగినవాణ్ణి

ఆ రోజుల్లో అలసిపోవడం కూడా ఒక ఘనకార్యమని అనుకునేవాణ్ణి. ఉక్కునగరంలో సగం సెక్టార్లు ఇంకా పునాదుల్లోనే ఉన్న కాలం. కృష్ణా జిల్లా నుంచి లెక్కల్లో బీయస్సీ పట్టా పట్టుకుని వచ్చి, ఎర్రదుమ్ములో షిఫ్టు చేసి, క్వార్టరు చేరి, చెప్పులు విప్పే ఓపిక లేక అలాగే కూలబడేవాణ్ణి. అలాంటి నాకు ఎలమంచిలి నుంచి సంబంధం వచ్చింది. ఆదివారం పెళ్లిచూపులు, ఆ మర్నాటి నుంచి మూఢం. వాళ్ల చేతిలో ఇంకో సంబంధం కూడా ఉందట.

అదే ఆదివారం సెలవు మా క్రేను బావకీ కావాలి, సింహాచలంలో కూతురి పుట్టువెంట్రుకలు తీయించాలి. (క్రేను నడిపే ఆ స్థానికుడు చుట్టమేం కాదు, అందర్నీ బావా అనేవాడు. ఆరో క్లాసుతో చదువు ఆపేశాడు.) ఇద్దరిలో ఒక్కరికే సెలవు. మా షిఫ్ట్ ఇన్‌చార్జిది గోదావరి జిల్లా, ఆయనకు లెక్కల పిచ్చి. "పది లక్షల ఒకటి ప్రధాన సంఖ్యా, కాదా? శనివారంలోగా సరిగ్గా తేల్చినవారిదేనండి ఆదివారం" అన్నారు.

"పెదానమంటే ఏటి బావా?" అన్నాడు క్రేను బావ. ఒకటీ, తానూ తప్ప ఇంకేదీ శేషం లేకుండా భాగించలేని సంఖ్య అని ఉదారంగా చెప్పాను. పోటీ అన్యాయమని నాకే సిగ్గేసింది. (సెలవు వదులుకునేంత సిగ్గు కాదు.) మర్నాడు చూస్తే అతను నోటుబుక్కులో నాలుగుతో భాగిస్తున్నాడు. "రెండుతో పోనిది నాలుగుతో పోతుందా బావా?" అని నవ్వాను. "ఏటో బావా, ఎందుకైనా మంచిదని సేత్తన్నాను" అన్నాడు.

నేను మాత్రం ప్రధాన సంఖ్యలతోనే భాగించాను. మూడు, ఏడు, పదకొండు... తొంభై ఏడు దాకా దేనికీ లొంగలేదు. వర్గమూలం దాకా, అంటే వెయ్యి దాకా చూడాలని చదువుకున్నవాణ్ణే. కానీ ఇంకా నూట నలభై మూడు ప్రధాన సంఖ్యలు మిగిలి ఉన్నాయి. ఒళ్లు హూనమైపోయింది. ఇన్నింటికి లొంగనిది ఇంక దేనికి లొంగుతుందిలే అని పెన్ను మూసేశాను.

శనివారం "ప్రధానమే సార్" అని ధీమాగా చెప్పాను. క్రేను బావ నోటుబుక్కు తెరిచాడు. నూట ఒకటితో భాగిస్తే తొమ్మిది వేల తొమ్మిది వందల ఒకటి, శేషం సున్నా. తొంభై ఏడు తర్వాత వచ్చే ప్రధాన సంఖ్య ఆ నూట ఒకటే! "అంతదాకా ఎలా వెళ్లావు బావా?" అన్నాను.

"ఎక్కడ ఆపాలో నాకేటి తెలుసు బావా? వరసెట్టి ఎలిపోనాను."

ఆదివారం అతను గుండు చేయించిన కూతుర్ని ఎత్తుకుని కొండ దిగుతున్న వేళకు ఎలమంచిలిలో రెండో సంబంధం ఖాయమైపోయింది. ఆ అమ్మాయి ఎలా ఉంటుందో నాకు ఈనాటికీ తెలియదు.

రిటైరయ్యాక మొన్నొక మధ్యాహ్నం తోచక ఆ తొమ్మిది వేల తొమ్మిది వందల ఒకటి ప్రధానమో కాదో చూద్దామని కూర్చున్నాను. దాని వర్గమూలం వందలోపే కాబట్టి తొంభై ఏడు దాకా చూస్తే చాలు, అక్కడ ఆగడమే న్యాయం. దేనికీ లొంగలేదు, ప్రధానమే. కళ్లు లాగుతున్నాయి, నడుం నొప్పి. అయినా ఎందుకైనా మంచిదని నూట ఒకటితో కూడా భాగించాను. శేషం మూడు వచ్చింది.