కారణం అన్నచోట

ఇప్పటికీ ఏ ఫారం నింపినా ఒక తలపాగా పెద్దాయన గుర్తొస్తారు.

యూనివర్సిటీలో చదివే రోజుల్లో బ్లాక్‌టౌన్ స్టేషన్‌లో ఎవడో నా హిజాబ్ లాగేసి పారిపోయాడు. రైలెక్కాక, స్నేహితురాలి బలవంతం మీద ఫోన్‌లో పోలీసు ఫిర్యాదు నింపాను. 'కారణం' అన్నచోట 'రద్దీలో పొరపాటున చెయ్యి తగిలింది' అని రాశాను. ఎందుకొచ్చిన గొడవ అని సర్దుకుపోవడం మా ఇంటి అలవాటు.

పక్క సీటులోని ఆ పెద్దాయన చూశారు. "అలా రాయకు బేటీ," అన్నారు హిందీలో. "నా పగ్డీ లాగినప్పుడు నేనూ అలాగే రాశాను. గవర్నమెంటు లెక్కలో నాకేమీ జరగలేదు."

చెరిపేసి, 'నా మతం వల్ల' అని రాశాను. పంపేదాకా ఆయన కదల్లేదు. పంపాక లేచారు.

"మీ స్టేషన్ ఇదేనా అంకుల్?"

"నాది వెళ్లిపోయి మూడు స్టేషన్లయింది," అని నవ్వుతూ దిగి, ఎదుటి ప్లాట్‌ఫాం వైపు నడిచారు.