రాతి నేల మీద మగ్గం

మా ఇల్లు తీసేస్తారన్న మాట మొదట రిక్షావాళ్ళ నోట విన్నాం. తర్వాత కిళ్ళీబడ్డీ దగ్గర విన్నాం. అమ్మ అప్పటికింకా నమ్మలేదు. కాలవ గట్టు మీద ఉన్నవాళ్ళకి ఇలాంటి మాటలు ఏటా వస్తూనే ఉంటాయి, పోతూనే ఉంటాయి అనేది. కానీ ఒక ఉదయం ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని వచ్చి, గట్టు పొడవునా కొలుచుకుంటూ పోయి, ప్రతి గుడిసె తలుపు మీదా ఎర్రరంగుతో అంకె వేశారు. ఆ రోజు అమ్మ అన్నం కలుపుకుని కూడా తినలేకపోయింది.

డెబ్బైల మధ్య సంవత్సరాలవి. నాకు పన్నెండో పదమూడో ఏళ్ళు. బెజవాడ పెరుగుతోంది, లారీలు ఎక్కువయ్యాయి, ఉన్న రోడ్లు చాలడం లేదు. కాలవ పక్క రోడ్డు వెడల్పు చేస్తారనీ, గట్టు మీదవాళ్ళకి భవానీపురం అవతల, కొండ వైపు కాలనీ కట్టి తలా ఒక ఇల్లు ఇస్తారనీ చెప్పారు. ఇటుక గోడలు, సిమెంటు రేకుల కప్పు, చేతికి పట్టా. తాటాకు కింద బతికేవాళ్ళకి అది వినడానికి బాగానే ఉంది. చాలామంది సంతోషించారు కూడా. ఆ మాట విన్నాక కూడా దిగులు తీరనిది మా నాన్న ఒక్కడికే.

మా నాన్న నేతపని చేసేవాడు. పామర్రు దగ్గర మా ఊళ్ళో నూలు దొరక్క మగ్గాలు ఆగిపోయిన ఏడాది మేము బెజవాడ వచ్చేశాం. వచ్చాక కొన్నాళ్ళు బట్టల కొట్లో తానులు మడతపెట్టాడు. కొన్నాళ్ళు లారీల దగ్గర బస్తాలు మోశాడు. ఏదీ ఆయనకి కుదర్లేదు. చివరికి ఊరినుంచి మగ్గం విప్పి తెచ్చి, గుడిసెలోనే గుంట తవ్వి బిగించాడు. వన్‌టౌన్‌లో ఒక షావుకారు నూలిచ్చి, నేసిన పంచెలు తీసుకునేవాడు. అమ్మ రాట్నం మీద నూలు కండెలు చుట్టేది. బడినుంచి వచ్చాక నేనూ చుట్టేదాన్ని.

మాది గుంట మగ్గం. నేసే మనిషి గుంట అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి వేలాడేసి, అడుగునున్న చెక్కలు తొక్కుతాడు. నిలువు పోగుల్ని పడుగు అంటారు. అది నేలకి దగ్గరగా పరుచుకుని ఉంటుంది. గట్టు మట్టి ఎప్పుడూ చల్లగా, చెమ్మగా ఉండేది. ఆ చెమ్మ తగిలితేనే పోగు మెత్తగా ఉంటుంది. గాలి పొడిగా ఉంటే పుటుక్కున తెగిపోతుంది. గట్టు మీద దోమలు, పాములు, వానొస్తే మోకాలిదాకా బురద. అయినా మగ్గానికి మాత్రం అంతకంటే మంచి చోటు దొరకదని నాన్న అనేవాడు.

ఒక ఆదివారం ఆయన నడుచుకుంటూ పోయి కాలనీ చూసి వచ్చాడు. ఎలా ఉందని అమ్మ అడిగింది.

"ఇళ్ళు బానే ఉన్నాయి," అన్నాడు. కాళ్ళు కడుక్కుని, తుడుచుకుని, మళ్ళీ అన్నాడు. "నేలే. గునపం దిగేలా లేదు."

ఎప్పుడు ఖాళీ చేయిస్తారో ఎవరికీ తెలియదు. ఈ వారమని కొందరు, దసరా తర్వాతని కొందరు. గట్టు మీద లారీ ఏది ఆగినా అమ్మ పని వదిలి బయటికి పరిగెత్తేది. గిన్నెలు సగం మూటలోనే ఉండేవి, కావలసినప్పుడు ఒక్కొక్కటి తీసి వాడేది. నాన్న కొత్త పడుగు ఎక్కించడానికి భయపడ్డాడు. పడుగు ఎక్కించడం పెద్ద పని. ఒకసారి ఎక్కించాక మధ్యలో దింపితే పోగులన్నీ చిక్కుపడతాయి. ఎక్కించకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. చూసి చూసి, ఇంకెన్నాళ్ళని చూస్తాం అని ఎక్కించేశాడు. పడుగు సగం నేసి ఉండగా లారీ వచ్చింది.

వచ్చినవాళ్ళు కఠినంగా మాట్లాడలేదు. సామాను ఎక్కించండి, మధ్యాహ్నానికి ఇంకో వరస తీయాలి, అన్నారు అంతే. నాన్న మగ్గం ముందు నిలబడి కదల్లేకపోయాడు. అప్పుడు మా పక్క గుడిసె ఆవిడ వచ్చింది. వాళ్ళాయన కృష్ణలో వల వేసేవాడు, ఆవిడ బుట్ట నెత్తిన పెట్టుకుని వీధుల్లో చేపలమ్మేది. అమ్మ ఆవిణ్ణి వదినా అనేది, నేను అత్తా అనేదాన్ని. అత్త తన సామాను అలాగే వదిలేసి, చేతులు కడుక్కుని వచ్చి, పడుగు ఒక కొస పట్టుకుంది. రెండో కొస అమ్మ. నాన్న మధ్యలో ఉండి, ఇద్దరినీ బిగించి పట్టమంటూ, పోగు పోగూ సర్దుతూ చుట్టాడు. లారీ డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు. చివరికి దాన్ని పాత దుప్పట్లో చంటిపిల్లని చుట్టినట్టు చుట్టి, నా ఒళ్ళో పెట్టారు. దారి పొడవునా లారీ కుదుపుకి అది ఎక్కడ జారుతుందోనని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను.

కాలనీలో ఇళ్ళు తెల్లగా సున్నం కొట్టి ఉన్నాయి. అక్కడా అత్త వాళ్ళది మా పక్కిల్లే. చెట్టు లేదు, కుళాయి లేదు. పొద్దున ఒకసారి నీళ్ళ ట్యాంకరు వచ్చేది, ఒక్కోరోజు వచ్చేది కాదు. బస్సు భవానీపురం దాకానే. అక్కడినుంచి ఎండలో నడక. మగవాళ్ళు పనికి పోవాలన్నా, అత్త చేపలు తెచ్చుకోవాలన్నా, నేను బడికి పోవాలన్నా అంతే.

మేము కాలనీకి వెళ్ళిన మర్నాడే నాన్న గుంట తవ్వడం మొదలుపెట్టాడు. పైన కాస్త మట్టి ఉంది. మోకాలి లోతుకి కూడా రాకముందే గునపం ఖంగుమంది. పక్కన తవ్వాడు, అక్కడా అంతే. గోడ వారన తవ్వాడు. ఇంట్లో ఎక్కడ చూసినా అదే రాయి. సాయంత్రానికి చేతులు బొబ్బలెక్కి, ఆ సగం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుండిపోయాడు. దుప్పట్లో చుట్టిన పడుగు గోడకి ఆనించి ఉంది. షావుకారు నూలది. దానికేమైనా అయితే ఇంకెవరూ మాకు నూలివ్వరు. అమ్మ దానివంకే చూస్తోంది.

"కిందికి దిగకపోతే పైకి కట్టుకోకూడదా?" అంది చివరికి.

నాన్నకి అర్థం కాలేదు. గుంట చుట్టూ నేలనే ఎత్తు చేస్తే గుంట దానంతటదే లోతవుతుంది కదా అంది అమ్మ.

మట్టి కూడా దొరికింది. రోడ్డు కోసం తవ్విన గట్టు మట్టిని లారీలు తెచ్చి కాలనీ చివర పల్లంలో పోస్తున్నాయి. మేము ముగ్గురం తట్టలతో మోశాం. ఇంట్లో సగం గది అరుగులా లేచింది, దాని మధ్య గుంట. నాన్న అరుగు మీద కూర్చుంటే సిమెంటు రేకు తలకి జానెడు ఎత్తులో ఉండేది. ఎండ ముదిరాక ఆ రేకుల కింద కూర్చోవడం పొయ్యి పక్కన కూర్చోవడమే. అయినా పడుగు బిగించి, మొదటిసారి అడ్డపోగు మోసే నాడె ఇటునుంచి అటు పోయినప్పుడు అమ్మ కొంగు కళ్ళకి అద్దుకోవడం చూశాను.

ఆ ఊరట ఎన్నాళ్ళో నిలవలేదు. తెచ్చిన మట్టిలో చెమ్మ ఆరిపోయింది. కొండ వేడి, రేకుల వేడి కలిసి పోగులు తెగడం మొదలైంది. నాన్న ఒక పోగు ముడేసేలోగా ఇంకోటి తెగేది. నాడె చప్పుడు కంటే ఆగిన నిశ్శబ్దమే ఎక్కువ వినిపించేది. ఆ నిశ్శబ్దం వచ్చినప్పుడల్లా అమ్మ చేతిలో రాట్నం కూడా ఆగేది. అప్పుడు అమ్మ, ట్యాంకరు దగ్గర పట్టుకొచ్చిన నీళ్ళలోంచి ఒక బిందె గుంటలో పోసింది. పోగులు కాస్త దారికొచ్చాయి. మర్నాడు మళ్ళీ పోసింది. మేము స్నానాలు మానేశాం, తాగే నీళ్ళు కొలుచుకుని తాగాం, గుంట మాత్రం తడిపాం. ఎవరి కంటా పడకుండా అమ్మ తలుపు దగ్గరగా వేసి పోసేది.

ఎండాకాలం నడిమధ్యలో వరసగా కొన్ని రోజులు ట్యాంకరు రాలేదు. జనం పల్లంలో నిలిచిన నీళ్ళు వడగట్టి తాగారు. అత్తకి ఏడాది నిండని కూతురుంది. దానికి విరేచనాలు పట్టుకున్నాయి. మధ్యాహ్నానికి పిల్ల కళ్ళు లోపలికి పోయాయి, ఏడవడానికి కూడా గొంతు లేదు. అత్త పిల్లని భుజాన వేసుకుని ఎండలో బయల్దేరింది. అమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా వెంట పరిగెత్తింది. భవానీపురం దాకా ఇద్దరూ మార్చుకుంటూ ఎత్తుకుని, అక్కడ రిక్షా పట్టుకుని పెద్దాసుపత్రికి చేరారు. వాళ్ళు తిరిగి వచ్చేదాకా నేనూ నాన్నా గుమ్మంలోనే కూర్చున్నాం. రోడ్డు మీద ఎవరు కనిపించినా లేచి నిలబడేవాళ్ళం. పిల్ల బతుకుతుందో లేదో తెలియకుండానే రెండు రోజులు గడిచాయి. మూడో రోజు పిల్లతో సహా తిరిగి వచ్చారు.

వచ్చి కూర్చున్నాక అత్త అమ్మతో అంది. గొంతు పెంచలేదు.

"నువ్వు నాతో వచ్చావు, నేను మర్చిపోను వదినా. కానీ నా పిల్ల నోట్లో పొయ్యడానికి మంచినీళ్ళు లేని రోజున మీరు దాచుకున్న బిందెడు నీళ్ళు గుంటలో పోశారు. నేను చూశాను."

లోపల నాడె ఆగిపోయింది. ఆ రోజునుంచి నాన్న గుంటలో చుక్క నీళ్ళు పోయనివ్వలేదు. తెగిన పోగులు ముడేసుకుంటూ కూర్చునేవాడు. పంచెల నిండా ముడులే. షావుకారు వాటిని వెలుతురుకి పట్టి చూసి, ఇలా అయితే నూలు ఇంకొకళ్ళకి ఇచ్చుకుంటానని అమ్మకి చెప్పి పంపాడు. ఆ మాట అమ్మ నాన్నకి చెప్పలేదు, నాకు చెప్పింది. నాకెందుకు చెప్పిందా అనిపించింది. నిద్ర పట్టేది కాదు.

కొన్ని రోజులు రెండిళ్ళకీ మాటల్లేవు. తర్వాత ఒక పొద్దున అమ్మే వాళ్ళ గుమ్మంలోకి వెళ్ళి, ఇళ్ళిచ్చినవాళ్ళ ఆఫీసుకి పోదాం రమ్మంది. అత్త పిల్లని ఎత్తుకుని బయల్దేరింది. నన్నూ తీసుకెళ్ళారు. ఆఫీసు వరండాలో చాలాసేపు నిలబెట్టాక లోపలికి పిలిచారు. అక్కడి ఆఫీసరు గారు నెమ్మదస్తుడు. కుర్చీలు చూపించాడు, మేము కూర్చోలేదు. కాలనీ సగం కూడా నిండలేదనీ, నిండాక పైపులైనూ బస్సూ రెండూ వస్తాయనీ చెప్పాడు. రూలు అలా ఉందన్నాడు.

"నీళ్ళు లేకేనండీ నిండంది," అంది అమ్మ. "వచ్చినోళ్ళు కూడా తాళాలేసుకుని మళ్ళీ గట్టు వైపు పోతన్నారు."

అత్త చంకలో పిల్లని దించి ఆయన బల్ల మీద కూర్చోబెట్టింది. జబ్బు నీరసానికి పిల్ల మెడ ఇంకా సరిగ్గా నిలబడటం లేదు. ఆఫీసరు గారు పడిపోతుందేమోనని గభాల్న రెండు చేతులూ చాచి పట్టుకున్నాడు. అలా పట్టుకునే ఉండి, పైపులైను తన చేతిలో లేదు గానీ బోరు ఒకటి వేయించడానికి ప్రయత్నిస్తానన్నాడు. ఆ తర్వాత కూడా అమ్మా అత్తా చాలాసార్లు తిరగవలసి వచ్చింది. పోయిన ప్రతిసారీ వచ్చే వారం అనేవాళ్ళు.

బోరు లారీ నిజంగానే వచ్చిన రోజు కాలనీ అంతా చుట్టూ చేరింది. పొద్దుటినుంచీ తెల్లటి రాతిపిండి తప్ప ఏమీ లేదు. ఇళ్ళమీద, తలలమీద, ఆరేసిన బట్టలమీద పిండి. మధ్యాహ్నం దాటాక ఇంకొక పైపు దించి చూసి, నీళ్ళు పడకపోతే వెళ్ళిపోతామన్నారు బోరు వాళ్ళు. ఎవరూ ఇంటికి పోలేదు. నాన్న మాత్రం బయటికి రాలేదు. లోపల మగ్గం ముందు కూర్చుని ఉన్నాడు, నేయడం లేదు. ఉన్నట్టుండి పిండి రంగు మారి ముద్దముద్దగా పడింది. తర్వాత బురద. తర్వాత నీళ్ళు.

అత్త దోసిట పట్టి నోట్లో పోసుకుని, వెంటనే ఉమ్మేసింది. ఉప్పునీళ్ళు. ఒక్కొక్కరూ వచ్చి రుచి చూసి, పక్కకి తప్పుకున్నారు. అమ్మ ఇన్ని తిరుగుళ్ళూ ఇందుకేనా అనుకుందో ఏమో, అలాగే నిలబడిపోయింది.

అత్త కాసేపు నీళ్ళవంక చూసి, అమ్మ వైపు తిరిగింది.

"తాగటానికి కావులే వదినా. మరి గుంటకి?"

అమ్మ ఇంట్లోకి పోయి నాన్నని పిలుచుకొచ్చింది. ఆయన నీళ్ళు వేళ్ళమధ్య రాసి చూసి, పోగుల మీద పోస్తామా ఏంటి, నేల తడవడానికేగా, అన్నాడు. అత్త మా బిందె తీసుకుని నింపి, నడుమున పెట్టుకుని, తనే మా ఇంట్లోకి మోసుకొచ్చింది. అరుగెక్కి గుంటలో నెమ్మదిగా పోసింది. నాన్న పక్కన నిలబడి చాలు అనేదాకా పోసింది.

తర్వాత బోరుకి చేతిపంపు బిగించారు. ఆ నీళ్ళతో కాలనీ బట్టలు ఉతుక్కుంది, గిన్నెలు తోముకుంది. ట్యాంకరు నీళ్ళు తాగడానికే మిగిలాయి. పిల్లలకి మళ్ళీ అంత జబ్బు చేయలేదు. ట్యాంకరు రాని రోజు భయం మాత్రం ఉండనే ఉంది. మంచినీళ్ళ కుళాయి రావడానికి ఇంకా ఏళ్ళు పట్టింది. ఈలోగా కొందరు ఇళ్ళు అమ్ముకుని వెళ్ళిపోయారు. మేము ఉండిపోయాం. అత్త వాళ్ళూ ఉండిపోయారు.

కుళాయి కంటే బస్సు ముందు వచ్చింది. మొదటి రోజు అమ్మా అత్తా ఒకే సీట్లో కూర్చున్నారు. నేను బడి పుస్తకాలతో వాళ్ళ వెనక ఉన్నాను. అత్త కాళ్ళ దగ్గర చేపల బుట్ట, అమ్మ ఒళ్ళో పంచెల మూట. బుట్ట చూసి కండక్టరు మొహం చిట్లించాడు గానీ దింపలేదు. ఆ రోజు షావుకారు పంచెలు విప్పి, వెలుతురుకి పట్టి ముడుల కోసం వెతికాడట. ముడులు కనపడలేదు గానీ, ముక్కు దగ్గర పెట్టుకుని ఇదేం వాసనమ్మా అని అడిగాడట. బస్సు వాసనండీ అని చెప్పిందట అమ్మ. ఆయన పంచెలు మడిచి పక్కన పెట్టి, నూలు తూచి ఇచ్చాడు.