నా సన్మానపత్రం నేనే రాసుకున్న వైనం

తొంభైల చివర్లో మేము ధర్మవరంలో ఉండేవాళ్ళం. పెనుకొండలో ఒక కార్యాలయంలో నాకు గుమాస్తా ఉద్యోగం. నేను కవిని కూడా. నా ఒకే ఒక్క పుస్తకాన్ని మొదటినుంచి చివరిదాకా చదివినవాడు ప్రూఫులు దిద్దినాయన ఒక్కడే. ఆయనా మధ్యలో కునుకు తీశాడని అచ్చుతప్పులు చూస్తే తెలిసిపోతుంది.

రచయితలకు, సంఘ సంస్కర్తలకు ప్రభుత్వం ప్రాంతీయ పురస్కారాలు ఇస్తోందని తెలియగానే నాకు కాలు నిలవలేదు. అందులో ఒక వింత ఉంది. అవార్డు కావాలని మనమే దరఖాస్తు పెట్టుకోవాలి. మన గొప్పతనాన్ని ఇంకెవరో మెచ్చుకుంటున్నట్టు ‘వీరు’ అంటూ మనమే రాసుకోవాలి. సభలో చదివే సన్మానపత్రం కూడా దాంట్లోంచే ఎత్తి రాస్తారు.

తోటి గుమాస్తా నా దరఖాస్తు చూసి పెదవి విరిచాడు. “ఏమప్పా, కవితలు రాసేటోళ్ళు గంపలకొద్దీ ఉండారు. సంఘసేవ ఏదన్నా చేసింటే రాయి. ఆడ పోటీ తక్కువ.”

నా సంఘసేవ! పక్కింటివాళ్ళకు పేపరు ఇచ్చేవాణ్ణి, అదీ నేను చదివాక. అయితే మా వసారాలో మా ఆవిడ మధ్యాహ్నాలు, పట్టుదారం చుట్టే ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పేది. ఆదివారాలు ఆ గోలకు నిద్ర పట్టడం లేదని నేను విసుక్కునేవాణ్ణి. అందులో నా పాత్ర అంతే. అయినా ‘వీరు శ్రామిక మహిళల బతుకుల్లో అక్షరాల వెలుగు నింపారు’ అని మొదలుపెట్టి రెండు పేజీలు రాసేశాను. నా జన్మలో అంత మంచి వచనం రాయలేదు. మా ఆవిడ ఊసు అందులో ఎక్కడా లేదు.

కొన్నాళ్ళకు ఒక ఆదివారం విచారణకు అధికారి నేరుగా ఇంటికే వచ్చాడు. వసారా నిండా ఆడవాళ్ళు, మా ఆవిడ చేతిలో సుద్దముక్క. నేను బనియనుతో లోపలినుంచి ఆవులిస్తూ వచ్చాను.

“వీళ్ళకి సదువు చెప్పేది సారేనామ్మా?” అని ఆయన మా ఆవిణ్ణి అడిగాడు.

ఒక ముసలామె ఏదో అనబోయింది. మా ఆవిడ ఆమె భుజం నొక్కి, “అంతా ఆయప్పే సార్. నేను ఉత్త చాపలు పరుస్తాంటా, అంతే,” అంది. సుద్దముక్క తెచ్చి నా చేతిలో పెట్టింది.

పలక మీద ‘అ’ రాశాను. అదీ వంకరగా వచ్చింది.

సభ హిందూపురంలో. శాలువా కప్పి, నా వాక్యాలే నాకు చదివి వినిపించారు. మా ఆవిడ ముందు వరసలో కూర్చుని ఒక్క మాట వదలకుండా వింది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా ఫోటో కోసం శాలువా మాత్రం సర్దుకున్నాను.

తిరుగు రైల్లో ఆమె సన్మానపత్రం ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ మొదటినుంచి చదివింది. తిడుతుందని చూశాను. తిట్టినా బాగుండేది.

“ఇంత బాగా చేసినానా నేను?” అంది. “ఇన్నేండ్లలో ఒక్క మాటన్నా చెప్పలేదే మీరు.”